రౌటర్ ఏ మెట్టు దగ్గర ఆగింది?

రౌటర్ వెనకవైపు పిన్నీసు మొన మాత్రమే పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. పక్కనే రీసెట్ అని రాసి ఉంటుంది. నిజామాబాద్ పట్టణంలోనైనా, బోధన్ దారిలోని ఊళ్లలోనైనా కరెంటు పోయి వచ్చాక నెట్ రాకపోతే జరిగేది దాదాపు ఒకటే. ముందు స్విచ్ నాలుగైదుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, అప్పటికీ రాకపోతే పిన్నీసు వెతుకుతారు. ఈ రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండు మూడు నిమిషాలు రౌటర్ ముందు నిలబడి దాని దీపాలు ఏ వరసలో వెలుగుతున్నాయో, ఏ దీపం దగ్గర ఆగిపోతున్నాయో చూడాలి. ఎందుకంటే రౌటర్ స్టార్ట్ కావడమనేది ఒక్క పని కాదు. అది ఒకటి పూర్తయితేనే ఇంకొకటి మొదలయ్యే మెట్ల వరస. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే జబ్బేమిటో సగం తెలిసినట్టే. పైగా మన ప్రాంతంలో ఆ మెట్టు చాలావరకు పెట్టె లోపల ఉండదనీ, పెట్టెకు వచ్చే కరెంటులోనో బయటి నుంచి వచ్చే లైనులోనో ఉంటుందనీ ఈ వ్యాసం చెప్పదలచుకుంది. పిన్నీసు ఆ రెండింటినీ బాగు చేయలేదు. బాగున్న మూడోదాన్ని, అంటే రౌటర్ లోపలి సెట్టింగులను మాత్రం పాడు చేయగలదు.

వరస అంటే ఏమిటో బోధన్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. ఆ నీళ్లు పారిన నేలల్లో చెరకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని దానికి ఒకప్పుడు పేరు. చక్కెర మిల్లును ఒక్క మీట నొక్కి నడపలేరు. సీజన్ మొదట్లో ముందుగా బాయిలర్‌లో నిప్పు పడాలి. ఆవిరి చాలినంత పీడనానికి చేరాలి. ఆ ఆవిరితో టర్బైన్ తిరగాలి, అప్పుడే చెరకు నరికే కత్తులూ పిండే రోలర్లూ కదులుతాయి. రసం వచ్చాక సున్నం కలిపి, వేడి చేసి, మడ్డి తేర్చాలి. తేటరసం ఎవాపరేటర్లలో చిక్కబడాలి. పాన్‌లలో గింజ కట్టాలి. ఆఖరున సెంట్రిఫ్యూగల్ యంత్రాలు మొలాసిస్ నుంచి పంచదారను వేరు చేయాలి. బస్తాలోకి పంచదార రావడం లేదంటే అనుభవమున్న పనివాడు సెంట్రిఫ్యూగల్‌ను విప్పి కూర్చోడు. ఆవిరి ఎంత ఉందని మొదట అడుగుతాడు, అక్కడి నుంచి ఒక్కొక్క విభాగం చూసుకుంటూ ముందుకు వస్తాడు. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కానీ మొదటి నుంచి చివరికి నడుస్తూ తప్పు ఎక్కడుందో పట్టే ఆ పద్ధతికి కాలం చెల్లలేదు. అరచేతిలో పట్టే రౌటర్‌కూ అదే పనికొస్తుంది.

రౌటర్‌కు కరెంటు అందగానే ప్రాసెసర్ చదివే మొదటి ప్రోగ్రాం పేరు బూట్‌లోడర్. చాలా ఇంటి రౌటర్లలో వాడేది యూ-బూట్ అనే రకం. అది ముందు ర్యామ్‌ను సిద్ధం చేస్తుంది. తర్వాత ఫ్లాష్ చిప్‌లో కుదించి దాచిన అసలు సాఫ్ట్‌వేర్ చెడిపోకుండా ఉందో లేదో లెక్క సరిచూసి, దాన్ని ర్యామ్‌లోకి విప్పి, పెత్తనం దానికి అప్పగిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కువ రౌటర్లలో లినక్స్. అది లేచాక మనం పెట్టుకున్న సెట్టింగులు చదువుతుంది, పోర్టులనూ వైఫై రేడియోలనూ మేల్కొలుపుతుంది, ఫైబర్ మీద అవతలనున్న నెట్ కంపెనీ కేంద్రంతో మాట కలుపుతుంది, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లాగిన్ అవుతుంది, ఐపీ అడ్రసు తీసుకుంటుంది. ఇదంతా ఒకటి నుంచి మూడు నిమిషాల పని. ఆఫీసుల్లోని పెద్ద సిస్కో రౌటర్లలోనూ ఇదే నడక. ముందు తనను తాను పరీక్షించుకుంటుంది, తర్వాత ఫ్లాష్‌లోని ఐఓఎస్‌ను ఎక్కించుకుంటుంది, ఆ తర్వాత స్టార్టప్ కాన్ఫిగరేషన్ చదువుతుంది. ఐఓఎస్ దొరక్కపోతే రోమ్‌మాన్ అనే చిన్న తెర దగ్గర ఆగిపోతుంది, కాన్ఫిగరేషన్ దొరక్కపోతే కొత్త రౌటర్ లాగా మొదటి నుంచి సెట్టింగులు అడుగుతుంది. రెండు చోట్ల ఆగితే రెండు వేర్వేరు జబ్బులు. ఇంటి రౌటర్‌కు తెర లేదు కాబట్టి ఆ మాటలన్నీ దీపాలతోనే చెబుతుంది. పెట్టె విప్పి చూడగలిగిన రిపేరు వాళ్లకైతే బోర్డు మీద మూడు నాలుగు పిన్నుల వరస ఒకటి దొరుకుతుంది. దానికి సీరియల్ కేబుల్ తగిలిస్తే రౌటర్ లేస్తూ లేస్తూ పలికే ప్రతి వాక్యమూ కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. మనకు అంత అవసరం రాదు.

మొదటి మెట్టు కరెంటు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. పవర్ దీపం వెలిగింది కాబట్టి కరెంటు బాగానే ఉందనుకుంటాం. ఆ చిన్న దీపానికి కావాల్సింది ఏ పాటి కరెంటు? మొత్తం రౌటర్‌కు కావాల్సిన దానిలో అది లెక్కలోకే రాదు. అడాప్టర్ మీద చూడండి, 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో 1.5 ఆంపియర్ అనో ఉంటుంది. గోడలోని 230 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చే ఆ నల్లటి బుడ్డి లోపల, ఆ డీసీని నిలకడగా పట్టి ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉంటుంది. దానిలో ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం మెల్లగా ఆరిపోతుంది. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న లెక్క. మే నెలలో నిజామాబాద్‌లో పగటి వేడి 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడిలో టీవీ వెనక, సెట్‌టాప్ బాక్స్ మీద, గాలాడని గూట్లో పెట్టిన అడాప్టర్ సంగతి వేరే చెప్పాలా?

ద్రవం ఆరిన అడాప్టర్ ఒక్కసారిగా చచ్చిపోదు. అదే చిక్కు. రౌటర్ నిదానంగా లేస్తున్నంతసేపు కొద్దిపాటి కరెంటు ఇస్తూనే ఉంటుంది. పవర్ దీపం వెలుగుతుంది, మిగతా దీపాలు ఒకటి రెండు వస్తాయి. సరిగ్గా వైఫై రేడియోలు మేల్కొన్న క్షణంలో రౌటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ ఆ బరువు మోయలేదు, వోల్టేజి పడిపోతుంది, ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తిరిగి మొదటికి పోతుంది. మళ్లీ పవర్ దీపం, మళ్లీ ఒకటి రెండు దీపాలు, మళ్లీ చీకటి. నిమిషానికోసారి ఇదే తంతు. చూసేవాళ్లు సాఫ్ట్‌వేర్ చెడిపోయిందంటారు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు అడాప్టర్‌ను రౌటర్ నుంచి తీసి కొలిచి, 12 వోల్టులు చూపించింది కాబట్టి అడాప్టర్ మంచిదేనని తీర్పు చెబుతారు. బరువు లేనప్పుడు కొలిస్తే ముసలి ఎద్దు కూడా నిటారుగానే నిలబడుతుంది. బండి కట్టి చూడాలి. దీన్ని పట్టడానికి ఒక సులువు ఉంది. చాలా రౌటర్లకు వైఫైని ఆపే మీట ఒకటి ఉంటుంది. వైఫై ఆపితే పడిపోకుండా నిలబడి, వైఫై వేయగానే మళ్లీ మొదటికి వస్తోందంటే అనుమానం అడాప్టర్ మీదే. ఇంకా గట్టి పరీక్ష ఇంకో అడాప్టర్ పెట్టి చూడటం. అదే వోల్టేజి, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు, పిన్ను మధ్యలో ప్లస్సు ఉన్నదే పెట్టాలి. పిన్ను పట్టింది కదా అని 5 వోల్టుల దాన్నో, వేరే వోల్టేజి దాన్నో గుచ్చకూడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. మా దగ్గర లో వోల్టేజి, సాయంత్రం మోటార్లు అన్నీ ఆన్ అయితే ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు, రౌటర్ ఎలా లేస్తుంది అని. మాట నిజమే, కానీ కారణం అది కాదు. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. ఫ్యాన్ నీరసపడే 170 వోల్టుల దగ్గర కూడా మంచి అడాప్టర్ నిబ్బరంగా పని చేయగలదు. దాన్ని చంపేవి వేరే ఉన్నాయి. ఒకటి పైన చెప్పిన వేడి. రెండోది కరెంటు పోయి వచ్చిన క్షణంలో వచ్చే ఎగదోపు. మూడోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో స్తంభం మీదో న్యూట్రల్ తెగడం. అప్పుడు 230 రావాల్సిన ఇంట్లోకి 400 వోల్టుల దగ్గరకు కూడా రావచ్చు, ఒకే గల్లీలో నాలుగిళ్ల టీవీలు, అడాప్టర్లు కలిసి పోతాయి. కాబట్టి కరెంటు రాగానే రౌటర్ స్విచ్ వేయకుండా నాలుగైదు నిమిషాలు ఆగడం వట్టి చాదస్తం కాదు. ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. లైను నుంచి బ్యాటరీకి మారే ఆ కొద్ది మిల్లీసెకన్లలో కొన్ని రౌటర్లు నిలబడతాయి, కొన్ని పడి లేస్తాయి. పాత అడాప్టర్‌తో ఉన్నవి ఎక్కువగా పడేవాటిలో ఉంటాయి. నేరుగా 12 వోల్టుల డీసీ ఇచ్చే చిన్న రౌటర్ యూపీఎస్‌లు ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. చిన్న ఆఫీసుకు, మీసేవ కేంద్రానికి అది మంచి కొనుగోలు.

మరి ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగవుతోంది కదా, ఇంత పరిశీలన దేనికి? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. అవును, చాలాసార్లు బాగవుతుంది. రౌటర్ నెలల తరబడి ఆగకుండా పనిచేస్తుంటే ర్యామ్‌లో పాత లెక్కలు, తెగిపోయిన కనెక్షన్ల జాబితాలు పేరుకుంటాయి, ఏదో ఒక ప్రోగ్రాం బిగుసుకుపోతుంది. కరెంటు తీస్తే ర్యామ్ పలకలా తుడుచుకుపోతుంది. అందుకే ఆఫ్ చేశాక అర నిమిషం ఆగాలి. లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోయేదాకా ర్యామ్ పూర్తిగా ఖాళీ కాదు. టక్కున ఆఫ్, టక్కున ఆన్ అంటే సగం తుడిచిన పలక. కానీ ఈ మందు పని చేసేది ర్యామ్‌లోని జబ్బుకే. జబ్బు అడాప్టర్‌లో, లైనులో, అవతలి కేంద్రంలో ఉంటే వందసార్లు చేసినా ఫలితం సున్నా. పుండు ఒకచోట, మందు ఒకచోట అంటారే, అది.

దీనికి నెట్‌వర్క్‌ల చరిత్రలోనే ఒక గట్టి సాక్ష్యం ఉంది. ఇంటర్నెట్‌కు పెద్దన్న లాంటి ఆర్పానెట్ 1980 అక్టోబరు 27న కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. ఆ రోజుల్లో రౌటర్ల పని చేసిన యంత్రాలను ఇంప్‌లు అనేవాళ్లు. హార్డ్‌వేర్‌లోని లోపం వల్ల ఒక సందేశంలో కొన్ని అంకెలు రాలిపోయి, ఒకే యంత్రం పేరుతో మూడు తప్పుడు సందేశాలు పుట్టాయి. ప్రతి ఇంప్ వాటిని కొత్తవని నమ్మి పక్కవాటికి పంపింది, అవి మళ్లీ దీనికే పంపాయి. ఒక్క ఇంప్‌ను ఆపి మొదలుపెడితే దాని జ్ఞాపకం శుభ్రమయ్యేది, కానీ లేచీ లేవగానే పక్కవాళ్ల నుంచి అవే తప్పుడు సందేశాలు అందేవి. చివరికి ఆ ఒక్క యంత్రం పేరుతో వచ్చే సందేశాలను పట్టించుకోవద్దని ఇంప్‌లకు సాఫ్ట్‌వేర్‌లో అతుకు వేశాకే దారి తెరుచుకుంది. జబ్బు బయటి నుంచి వస్తుంటే ఇంట్లో ఎన్నిసార్లు కడిగినా పోదనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

రెండో పెద్ద మెట్టు లైను. ఇప్పుడు పట్టణంలోనూ చాలా ఊళ్లలోనూ వస్తున్నది ఫైబర్. రౌటర్ మీద పీఓఎన్ అనీ ఎల్ఓఎస్ అనీ రెండు దీపాలు ఉంటాయి. ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోందంటే అవతలి నుంచి వెలుతురే రావడం లేదని అర్థం. ఆ ఫైబర్‌లో వెలుతురు నడిచే గాజు దారం మందం 9 మైక్రాన్లు, తల వెంట్రుకలో ఎనిమిదో వంతో అంతకన్నా తక్కువో. కేంద్రం నుంచి బయల్దేరిన ఒక్క వెలుగును స్ప్లిటర్ 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. పంచిన తర్వాత మన ఇంటికి చేరేది ఎంత తక్కువంటే, మామూలుగా వాడే జీపాన్ రకం ఫైబర్ పరికరాలు ఒక మిల్లీవాట్‌లో 500వ వంతు వెలుతురు దాకా చదువుకోగలిగేట్టు తయారవుతాయి. సాంకేతిక భాషలో దాన్ని మైనస్ 27 డీబీఎం అంటారు. అంత సన్నటి లెక్కలో ఫైబర్‌ను మేకు చుట్టూ గట్టిగా మడిచినా, కనెక్టర్ మూతి మీద దుమ్ము పడినా వెలుగు చాలకుండా పోతుంది. కనెక్టర్ రంగు కూడా గమనించాలి. ఆకుపచ్చ దాని మూతి 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది, నీలం దానికి ఆ వాలు ఉండదు. ఒకదానికి ఒకటి గుచ్చితే కూర్చున్నట్టే కనిపిస్తుంది కానీ వెలుగు కారిపోతుంది. ఇంకో మాట. ఆ కనెక్టర్‌ను తీసి కంటి దగ్గర పెట్టుకుని చూడకండి. అందులో వచ్చేది కంటికి కనిపించని లేజర్, వస్తోందో లేదో కంటితో తెలియదు, కంటికి మాత్రం హాని.

ఫైబర్ ఇంటి దాకా వచ్చే దారి చూస్తే మన ప్రాంతపు చిక్కు అర్థమవుతుంది. చాలాచోట్ల అది కరెంటు స్తంభాల మీదుగా, ఇళ్ల పిట్టగోడల మీదుగా వేలాడుతూ వస్తుంది. చెరకో వరిగడ్డో ఎత్తుగా వేసుకుని పోయే ట్రాక్టర్ ట్రాలీకి రోడ్డుకు అడ్డంగా వేలాడే కేబుల్ సులువుగా తగులుతుంది. కోతులు దాన్ని ఊయలగా వాడుకుంటాయి. ఈదురుగాలికి కొమ్మ విరిగి పడుతుంది. కేబుల్ ఆపరేటర్లలో కొందరు ఫైబర్‌ను వీధి చివర పెట్టెలోని స్విచ్ దాకా తెచ్చి, అక్కడి నుంచి మామూలు ఈథర్‌నెట్ తీగ లాగుతారు. ఆ స్విచ్‌కు కరెంటు కావాలి. మన ఇంట్లో ఇన్వర్టర్ ఉండి రౌటర్ వెలుగుతున్నా, వీధి చివర పెట్టెకు బ్యాటరీ లేకపోతే నెట్ ఉండదు. అప్పుడు మన రౌటర్‌ను ఏం చేసినా దండగే. అందుకే ఎర్రదీపం చూడగానే ఇంట్లో చేయాల్సింది రెండే: కనెక్టర్ సరిగ్గా కూర్చుందా, ఫైబర్ ఎక్కడైనా మడతపడిందా చూడటం. తర్వాత ఫోన్ చేయడం. స్ప్లైసింగ్ మిషన్ ఉన్నవాళ్లు వచ్చి అతికించాల్సిందే.

ఎర్రదీపం లేదు, పీఓఎన్ దీపం మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. అంటే వెలుతురు వస్తోంది, కానీ కేంద్రం ఈ రౌటర్‌ను ఇంకా తనదిగా ఒప్పుకోలేదు. ఒక్కో రౌటర్ తన సీరియల్ నంబరు చెప్పి, ఎంత దూరంలో ఉందో కొలిపించుకుని, తన వంతు సమయం తీసుకోవాలి. పాతది పనిచేయడం లేదని బజారు నుంచి కొత్త ఫైబర్ రౌటర్ కొని తెచ్చి గుచ్చితే ఇక్కడే ఆగిపోతుంది, కొత్త నంబరు కేంద్రంలో రాయించాలి కాబట్టి. ఈ మెట్టు దగ్గర ఒక చక్కటి ఏర్పాటు కూడా ఉంది. కరెంటు పోతున్న క్షణంలో రౌటర్ తనలో మిగిలిన కొద్ది శక్తితో కేంద్రానికి ఒక ఆఖరి కబురు పంపుతుంది. ఇంజనీర్లు దాన్ని డైయింగ్ గ్యాస్ప్ అంటారు, మన మాటలో కొన ఊపిరి. కబురు వస్తే కరెంటు పోయిందని, కబురు లేకుండా మాయమైతే ఫైబర్ తెగిందని కేంద్రంలో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

పీఓఎన్ నిలకడగా వెలిగి ఇంటర్నెట్ దీపం రాకపోతే మిగిలింది లాగిన్. రీచార్జి గడువు అయిపోవడం, పాస్‌వర్డ్ పోవడం లాంటివి అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది ఒకటుంది. రౌటర్ హఠాత్తుగా ఆగిపోతే లాగిన్ ముగిసిందని అవతలి సర్వర్‌కు చెప్పే వ్యవధి ఉండదు. సర్వర్ లెక్కలో మనం ఇంకా లోపలే ఉన్నాం. ఒక యూజర్ నేమ్‌కు ఒకే లాగిన్ అనే నియమం ఉన్నచోట, పాత లాగిన్ గడువు తీరేదాకా కొత్తదాన్ని రానివ్వదు. కొన్ని నిమిషాలు ఆగితే అదే తీరుతుంది. ఇక్కడ చాలామంది ఓపిక పట్టలేక స్విచ్ ఆపి వేస్తారు. ఒకవేళ ఈలోపే లాగిన్ కుదిరి ఉంటే, దాన్నీ మధ్యలో తెంచి మళ్లీ మొదటికి తెచ్చుకున్నట్టే. పైగా కాలనీ మొత్తానికి ఒకేసారి కరెంటు వచ్చినప్పుడు అన్ని రౌటర్లూ ఒకేసారి తలుపు తడతాయి, తొక్కిసలాట కొంతసేపు ఉంటుంది. ఈ తొక్కిసలాట భయం చిన్నవాళ్లకే కాదు. 2021 అక్టోబరు 4 రాత్రి మన దగ్గర తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్ ఆగిపోయి దాదాపు ఆరు గంటలు రాలేదు. తప్పు దొరికాక కూడా ఆ సంస్థ ఇంజనీర్లు అన్నింటినీ ఒకేసారి వేయలేదు. డేటా సెంటర్ల కరెంటు వాడకం పదుల మెగావాట్లు పడిపోయి ఉంది, అది ఒక్కసారిగా ఎగబాకితే విద్యుత్ వ్యవస్థలకే ముప్పని మెల్లమెల్లగా ఎక్కించుకుంటూ వచ్చారు. బాయిలర్ చల్లారిన మిల్లును తిరిగి నడిపేవాళ్లకు ఈ నిదానం కొత్తేమీ కాదు.

ఇంటర్నెట్ దీపం కూడా వచ్చి ఫోన్‌లో ఏదీ తెరుచుకోకపోతే, ల్యాన్ తీగతో ఒక కంప్యూటర్‌ను కలిపి చూడాలి. తీగతో వస్తే తప్పు వైఫైది. 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లతో పంచుకునే కొన్ని చానళ్లు ఉంటాయి, వాటిని వాడాల్సి వస్తే రౌటర్ దాదాపు నిమిషం సేపు చెవి రిక్కించి విన్నాకే వైఫై పేరు చూపిస్తుంది. రౌటర్ లాగ్ చూడగలిగినవాళ్లకు ఇంకో ఆనవాలు దొరుకుతుంది. ఇంటి రౌటర్‌లో గడియారానికి బ్యాటరీ ఉండదు. చాలావాటికి లేచిన క్షణం 1970 జనవరి 1. నెట్ అందాకే సరైన టైము తెచ్చుకుంటుంది. లాగ్‌లో 1970 తేదీతో ఉన్న వాక్యాలన్నీ నెట్ రాకముందు జరిగినవే.

ఇక ఆ పిన్నీసు. దాన్ని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే రౌటర్ ఫ్యాక్టరీలో పుట్టిన నాటి స్థితికి పోతుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ ఇచ్చిన వీల్యాన్ నంబరు, వైఫై పేరు అన్నీ పోతాయి. లైను కట్ అయి నెట్ రాని రౌటర్‌ను రీసెట్ చేస్తే, రేపు లైను అతికించినా నెట్ రాదు. ఒక జబ్బుకు రెండు జబ్బులు. అడాప్టర్ బలహీనంగా ఉన్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. రీసెట్‌లోనో అప్‌డేట్‌లోనో ఫ్లాష్ చిప్ మీద రాత జరుగుతున్న సమయంలో రౌటర్ పడిపోతే రాత సగంలో ఆగుతుంది. సాఫ్ట్‌వేర్ రెండో ప్రతి దాచుకునే రౌటర్లు తేరుకుంటాయి, అది లేనివి ఇటుకరాయి అయిపోతాయి. రీసెట్ చెడ్డదని కాదు. సెట్టింగుల్లోకి పోయే పాస్‌వర్డ్ మరచిపోయినప్పుడు, సెట్టింగులే తారుమారై ఏ మార్గమూ లేనప్పుడు అది కావాల్సిందే. వరసలో దాని చోటు చివర.

ఇదంతా కంపెనీవాళ్ల పని, నెలనెలా డబ్బు కట్టేవాళ్లం మేమెందుకు నేర్చుకోవాలని అడిగేవాళ్లున్నారు. బాధ్యత కంపెనీదే, అందులో రెండో మాట లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో పెట్టి 2024 దాకా అమల్లో ఉంచిన నిబంధనల ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ ఫిర్యాదుల్లో 90 శాతానికి పైగా మరుసటి పనిదినానికల్లా, 99 శాతం మూడు పనిదినాల్లో తీర్చాల్సి ఉండేది. కానీ ఫిర్యాదు ఎలా ఇచ్చామన్నదాన్ని బట్టే ఆ మనిషి స్ప్లైసింగ్ మిషన్‌తో వస్తాడా, అడాప్టర్‌తో వస్తాడా, అసలు రాకుండా ఆఫీసులోనే కూర్చుని సరిచేస్తాడా అన్నది తేలుతుంది. తప్పు సామానుతో వచ్చినవాడు తిరిగి వెళ్లి రేపు వస్తానంటాడు. ఆ పోయిన రోజు మనది. ఫోన్‌లో డేటా ఉంది కదా, రౌటర్ లేకపోతే మాత్రం ఏమైందని ఇంకొందరి మాట. ఇంట్లో సినిమా చూడటానికైతే సరే, ఊరి పనులకు అది చాలదు. 2016 ఏప్రిల్ 14న ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు చేరిన తొలి మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. పసుపు లాట్ల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కాలి, వ్యాపారులు నిర్ణీత గడువులో ధర వేయాలి, తూకం చీటీ రావాలి. 2023 ఆగస్టులో పట్టణంలో ఐటీ హబ్ తెరిచారు. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేసి ఊళ్లకు నెట్ అందించే ప్రణాళిక రాష్ట్ర ప్రభుత్వ టీ-ఫైబర్‌ది. పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఉన్న ఒక్క రౌటర్ లేవకపోతే ఆ ఊరికి ఆ పూట పని ఆగుతుంది. ఊరికి ఫైబర్ తెచ్చినంత శ్రద్ధగా, దాని చివరన ఉన్న రౌటర్ దీపాలు చదవడం అక్కడి ఒకరిద్దరికి నేర్పాలి. ఒక పూట పని అది.

కావాల్సిన సరంజామా కూడా తక్కువే. నెట్ బాగా వస్తున్న రోజున రౌటర్ దీపాలను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. కంపెనీకో రంగు, మోడల్‌కో వరస కాబట్టి బాగున్నప్పుడు ఎలా ఉండేదో తెలిస్తేనే బాగాలేనిది కనిపిస్తుంది. కస్టమర్ ఐడీ, లాగిన్ యూజర్ నేమ్, అడాప్టర్ వోల్టులు, ఆంపియర్లు ఒక కాగితం మీద రాసి రౌటర్ పక్క గోడకు అతికించాలి. ఫోన్ చేసినప్పుడు నెట్ వస్తలేదు అని ఊరుకోకుండా, "రాత్రి కరెంటు వచ్చినప్పటి నుంచి ఇట్లనే ఉంది. పవర్ పచ్చగ నిలబడ్డది, ఎల్ఓఎస్ లేదు, పీఓఎన్ కొట్టుకుంటనే ఉంది, అడాప్టర్ మార్చి చూసిన" అంటే చాలు. అవతల ఫోన్ ఎత్తిన మనిషి ఇక స్విచ్ ఆపి వేయమనడు, ఆ సీరియల్ నంబరు తన తెర మీద ఎందుకు ఎక్కలేదో వెతకడం మొదలుపెడతాడు.